వెనక డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టించాలా?

ప్రశ్న: నాది 2021 థార్, ఫోర్ వీల్ డ్రైవ్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. 33 అంగుళాల టైర్లు వేయించాక బ్రేకు మునుపటిలా పట్టడం లేదు. మారేడుమిల్లి ఘాటు దిగేటప్పుడు సగం దూరంలోనే పెడల్ మెత్తబడుతోంది. వెనక కూడా డిస్కులు పెట్టిస్తే బాధ తీరుతుందని షెడ్డులో అంటున్నారు. ఖర్చుకు వెనకాడను. పెట్టించమంటారా?
- ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పెట్టించొద్దు. మీకున్న బాధలు రెండు. వాటిలో ఏదీ వెనక డ్రమ్ముల వల్ల వచ్చింది కాదు. మొదట టైర్ల సంగతి చూద్దాం. ఆ బండికి కంపెనీ ఇచ్చే 255/65 ఆర్18 టైరు ఎత్తు సుమారు 789 మిల్లీమీటర్లు. 33 అంగుళాలంటే 838. అంటే 6 శాతం పెద్దది. చక్రం ఎంత పెద్దదైతే అదే బ్రేకు నేల దగ్గర చూపే బలం అంత తగ్గుతుంది కాబట్టి ఇక్కడే 6 శాతం పోయింది. పైగా స్పీడోమీటరు 80 చూపిస్తుంటే మీరు దాదాపు 85లో వెళ్తున్నారు. వేగం 6 శాతం పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి 13 శాతం పెరుగుతుంది. టైర్ల అదనపు బరువు దీనికి తోడు. షెడ్డులో ఎవరూ ఈ లెక్క చెప్పరు, టైర్లు అమ్మింది కూడా వాళ్లే అయితే అసలే చెప్పరు.

వెనక బ్రేకు ఎంత పని చేస్తుందో కూడా లెక్క కడదాం. బండి నిలబడి ఉన్నప్పుడు బరువులో 55 పాళ్లు ముందు, 45 పాళ్లు వెనక ఉన్నాయనుకుందాం. గురుత్వ కేంద్రం నేలకు 70 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. వీల్‌బేస్ 2.45 మీటర్లు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు కొడితే 23 పాళ్ల బరువు వెనక నుంచి ముందుకు ఒరుగుతుంది. అప్పుడు ముందు 78, వెనక 22. ఘాటు దిగుడులో వెనక మిగిలేది ఇంకాస్త తక్కువే. అంటే బండిని ఆపే పనిలో వెనక చక్రాల వాటా అయిదో వంతు చిల్లర. అంతకుమించి బలం పెడితే చక్రం జారుతుంది, బండి మాత్రం ఆగదు. ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో పెడల్ గట్టిగా తొక్కి చూడండి. ఏబీఎస్ కాలి కింద గరగరమంటే, టైరు పట్టుకోగలిగినంత బలం మీ బ్రేకుల్లో ఉన్నట్టే. ఆపైన ఎన్ని డిస్కులు పెట్టినా బండి ఆగే దూరం తగ్గదు.

ఘాటులో పెడల్ మెత్తబడటం వేరే కథ. వేడెక్కినప్పుడు బ్రేకు రెండు రకాలుగా చేతులెత్తేస్తుంది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే లైనింగు లేదా ప్యాడు పట్టు వదిలినట్టు. పెడల్ మెత్తగా లోపలికి పోతుంటే బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు పట్టినట్టు. మీరు రాసింది రెండోది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీలకు మరుగుతుంది, తేమ పీల్చుకున్నాక 140కే మరగొచ్చు. డాట్ 4కైతే ఆ అంకెలు 230, 155. గోదావరి జిల్లాల గాలిలో తేమకు కొదవేముంది? ఆ ఆయిల్ ఎక్కువగా మరిగేది ముందు క్యాలిపర్లలో, ఎర్రగా కాలిన ప్యాడు వీపున. డ్రమ్ములో వీల్ సిలిండరు లైనింగుకు కాస్త ఎడంగా ఉంటుంది, వేడి దానికి నెమ్మదిగా చేరుతుంది. డ్రమ్ము వేడికి సాగినప్పుడు పెడల్ కాస్త కిందికి దిగే మాట నిజమే, కానీ అది స్పాంజిలా ఉండదు. ఇంత వేడి ఎక్కడిదంటారా? 300 మీటర్ల ఎత్తు నుంచి కేవలం బ్రేకు మీద దిగితే, 80 వేగం నుంచి పన్నెండు సార్లు వరసగా బండిని ఆపినంత వేడి పుడుతుంది. బండి బరువెంతైనా ఈ లెక్క మారదు. ఆ భారాన్ని ఇంజనుకు అప్పజెప్పాలి. ఎక్కడానికి వాడే గేరులోనే దిగాలి. మన్యంలో నిట్రంగా ఉండే మట్టి దారి అయితే ‘ఫోర్ లో’ గేరు ఉండనే ఉంది.

డ్రమ్ము పాతకాలపు సరుకు కాదా అని మీరు అడగొచ్చు. ఫోక్స్‌వ్యాగన్ తన విద్యుత్ కారు ఐడీ.4కు వెనక డ్రమ్ములే పెట్టింది. అమెరికాలో టయోటా టకోమా పికప్ 2023 మోడల్ దాకా వెనక డ్రమ్ములతోనే వచ్చింది. మరి థార్ రాక్స్ పై వేరియంట్లలో వెనక డిస్కులు ఇచ్చారు కదా అంటే, ఇచ్చారు. కానీ కంపెనీ డిస్కులొక్కటే మార్చి ఊరుకోదు, పెడల్ నుంచి ఏబీఎస్ దాకా అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా చూస్తుంది. షెడ్డు కిట్టులో వచ్చేవి డిస్కు, క్యాలిపర్, బిగించే బ్రాకెట్టు అంతే.

ఆ తేడా చిన్నది కాదు. డ్రమ్ములో చక్రం తిరిగే దిశలోనే తెరుచుకునే షూను డ్రమ్మే తనతో లాక్కుని ఇంకా గట్టిగా నొక్కుకుంటుంది, కాబట్టి తక్కువ ఒత్తిడితో పని జరుగుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు, పెద్ద పిస్టన్‌తో భర్తీ చేయాలి. పిస్టన్ మరీ పెద్దదైతే మాస్టర్ సిలిండరు పంపే ఆయిల్ చాలక పెడల్ లోతుకు పోతుంది, పైగా ముందు చక్రాల కన్నా వెనకవి ముందే జారాలని చూస్తాయి. ఏబీఎస్ లేని బండి అయితే తడి రోడ్డు మీద తోక తిరిగేది ఇలాగే. పిస్టన్ చిన్నదైతే డ్రమ్ము కన్నా తక్కువ బ్రేకు కోసం డబ్బు పోసినట్టు. ఇక హ్యాండ్ బ్రేకు. డ్రమ్ములో అది కేబులు లాగితే చాలు. చవక కిట్లలో క్యాలిపర్‌కు ఆ ఏర్పాటే ఉండదు. పార్కింగ్ బ్రేకు, కాలి బ్రేకు రెండూ ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి.

డిస్కుకు ఒక్క మేలు మాత్రం ఒప్పుకోవాలి. వాగు దాటాక డిస్కు నీళ్లను విదిలించుకుని త్వరగా ఆరుతుంది, డ్రమ్ములో నీళ్లు, ఒండ్రు నిలుస్తాయి. ఆ ఒండ్రు లైనింగును గరుకు కాగితంలా అరగదీస్తుంది. వారం వారం బురదలో దిగేవాళ్లకు ఇది గట్టి కారణమే. అయితే 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌పై తీర్పిస్తూ, తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద ఒక్కోదానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగి బీమా సర్వేయరు వచ్చినప్పుడు బ్రేకుల మార్పు మీకు అనుకూలంగా మాట్లాడదు.

కాబట్టి వరస ఇది. కంపెనీ సైజు టైర్లు మళ్లీ ఎక్కించండి. బ్రేకు ఆయిల్ మొత్తం మార్పించండి, ఇకపై రెండేళ్లకోసారి మార్చండి. ముందు ప్యాడ్ల మందం చూడండి. తర్వాత వెనక డ్రమ్ములు విప్పించి మీరే దగ్గరుండి చూడండి. షూ మీద నల్లగా జిడ్డు కనిపిస్తే యాక్సిల్ ఆయిల్ సీలు లేదా వీల్ సిలిండరు కారుతోంది, జిడ్డు తాగిన లైనింగును తుడిచి వాడకూడదు, మార్చాల్సిందే. డ్రమ్ము అంచున వేలు పెడితే గట్టు తగిలితే లోపలి వ్యాసం కొలిపించండి. గరిష్ఠ పరిమితి డ్రమ్ము మీదే పోతపోసి ఉంటుంది, అది దాటితే లేత్ పట్టించకుండా కొత్తది వేయాలి. అడ్జస్టరు తుప్పుపట్టి బిగుసుకుపోతే షూ వెనకబడిపోతుంది. పెడల్ ఒకసారి తొక్కి వదిలి మళ్లీ తొక్కితే పైకొస్తోందా, హ్యాండ్ బ్రేకు లివరు మునుపటి కన్నా ఎక్కువ టకటకలతో లేస్తోందా, గుర్తు ఇదే. లోపలి దుమ్మును మాత్రం గాలి కొట్టి ఊదనివ్వొద్దు, బ్రేకు క్లీనరుతో తడిపి తుడవమనండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు.

ప్రశ్న: మాది తాతల నాటి జీపు, నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఉన్న డబ్బుతో మొదట వెనక డిస్కులు పెట్టించవచ్చా?
- ఓ పాఠకురాలు, చింతపల్లి

జవాబు: మీ బండికి డిస్కు అవసరం నిజంగానే ఉండొచ్చు, కానీ ఆ డబ్బు పెట్టాల్సింది ముందు చక్రాల మీద. పని అంతా అక్కడే జరుగుతుంది. వెనక డిస్కులు, ముందు డ్రమ్ములు అనే కలయిక అన్నిటికన్నా ప్రమాదం. ముందు మార్చేటప్పుడు మాస్టర్ సిలిండరు లోపల డ్రమ్ముల కోసం కొద్దిపాటి ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉందేమో చూడమనండి. దాన్ని తీయకపోతే ప్యాడ్లు డిస్కును వదలకుండా రాసుకుంటూ, బండి నడుస్తున్నంతసేపూ కాలుతూనే ఉంటాయి. పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ కార్యాలయంలో రాతపూర్వకంగా అనుమతి అడగండి.