చిన్న పెరడు - పలు పైరులు

మన నగరములందు ఇంటి వెనుక కొంచెము నేల మిగులుటయే అరుదు. అయినను పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల చోటును, దినమునకు ఐదారు గంటల యెండయు ఉన్నచో కొన్ని కూరలైనను ఇంటనే పండించుకొనవచ్చును. నేల లేనివారు మేడమీద కుండీలలో ఈ పనియే చేయవచ్చును. కుండీ అడుగున నీరు పోవుటకు రంధ్రముండవలెను.

చిన్న చోట ఒకే పైరు వేయుట మేలు కాదు. పురుగు పట్టినచో ఉన్నదంతయు పోవును. కావున నేలను మూడు మడులు చేయవలెను.

మొదటి మడి ఆకుకూరలకు. తోటకూర, మెంతికూర సుమారు నెలనాళ్ళలో కోతకు వచ్చును. విత్తనములన్నియు ఒకేనాడు చల్లక, పదేసి దినముల యెడముతో చల్లినచో ఎల్లప్పుడును లేత కూర దొరకును. గోంగూరను వేరుతో పెరుకక కొమ్మలు త్రుంచినచో మరల చిగుర్చును.

రెండవ మడి వంగ, మిరప, టమాటలకు. ఇవి మూడును ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకదాని తెగులు మరియొకదానికి సోకును. అందువలన వీనిని తీసిన మడిలో వెంటనే వీనినే నాటరాదు.

మూడవ మడి బెండ, గోరుచిక్కుడులకు. గోరుచిక్కుడు వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకిచ్చును. కాపు ముగిసిన పిదప మొక్కను మొదట కోసి వేళ్ళను నేలలోనే విడిచినచో తరువాతి పైరునకు బలము. ఇట్లు పంటపంటకు మడులు మార్చుచుండవలెను.

బీర, కాకర, చిక్కుడు పాదులకు ఉత్తరపు ప్రక్కన పందిరి వేయుడు. మడులపై నీడ అంతగా పడదు. చెన్నపట్టణమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు వానలు మెండు గనుక మడులు ఎత్తుగా నుండవలెను. వేసవిలో మొక్కల మొదట ఎండుటాకులు కప్పవలెను. కూరల తొక్కలు, ఆకులు గుంటలో పొరలుగా వేసి తడుపుచుండినచో కొన్ని నెలలలో మంచి యెరువగును. పేనుబంక కనబడినచో లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను.

తల్లిదండ్రులకు ముఖ్యముగా మనవి చేయదగినది మరొకటి గలదు. మన పిల్లలు చిక్కుడును అంగడిలో 'అవరై' అని అడుగుదురు. అది మంచిదే, ఇరుగుపొరుగు భాష రావలెను. కాని చిక్కుడు అను పేరు ఇంట వినబడకున్నచో అది పిల్లలకెట్లు తెలియును? మడి, పాదు, నారు, కలుపు, పిందె అను మాటలకు బడిలో అర్థము చెప్పగలము. వానిని వాడు సందర్భమును మాత్రము ఇల్లే కల్పింపవలెను. పిందె రాలినపుడు దుఃఖించిన బిడ్డ ఆ మాటను మరువడు.

కావున ఒక మడిని పిల్లలకే అప్పగింపుడు. విత్తిన దినము, మొలచిన దినము, కోసిన దినము తెలుగున వ్రాయించుడు. నీరు పోయుచు వారితో తెలుగుననే మాటలాడుడు.