ఓపీ పాలసీకి డబ్బు కట్టే ముందు

గుడివాడ

చి. అమ్మడికి,

నీ మెసేజీ చూశాను. అమ్మానాన్నలకి ఓపీ ఖర్చులు కూడా ఇచ్చే పాలసీ ఉందని, మనిషికి ఏడాదికి 8,000 అని ఏజెంటు చెప్పాడన్నావు. నెలాఖరులోగా కట్టేయమని తొందరపెడుతున్నాడట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నాను. ఇప్పుడప్పుడే కట్టకు.

ముందు ఓపీ అంటే ఏమిటో తేల్చుకో. ఆస్పత్రిలో చేరకుండా చూపించుకుని వచ్చేయడం. ఒక ఉదాహరణ చెబుతాను. 2018లో మన దివిసీమలో పాముకాట్లు ఎక్కువై మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా చేశారు, గుర్తుందా? కాటు పడ్డ మనిషిని ఆస్పత్రిలో చేర్చుకుని, విరుగుడు ఎక్కించి, రాత్రంతా కనిపెట్టుకుని ఉంటే అది అడ్మిషన్. మామూలు పాలసీ ఇస్తుంది, కాకపోతే చాలావాటిలో 24 గంటలు ఉండాలంటారు. విషం లేని పామని తేలి, ఒక టీటీ సూది వేసి సాయంత్రానికి ఇంటికి పంపేస్తే అది ఓపీ. మామూలు పాలసీలో దానికి పైసా రాదు. కంటి శుక్లాల ఆపరేషన్ ఒక్కపూటలో అయిపోయినా దాన్ని డే కేర్ అంటారు, అది మామూలు పాలసీలోనే వస్తుంది. ఆస్పత్రిలో చేరకముందు ఓ నెల, వచ్చాక రెండు నెలలు, ఆ జబ్బుకే అయ్యే మందులూ పరీక్షలూ కూడా దాదాపు అన్ని పాలసీలూ ఇస్తాయి. ఏజెంటు ‘ఓపీ కూడా వస్తుంది’ అన్నది దీని గురించేనేమో, గట్టిగా అడుగు.

ప్రభుత్వ పథకాలున్నాయి కదా అంటావేమో. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆయుష్మాన్ భారత్ 2018లో వచ్చింది. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్లకి ఆదాయం ఎంతని అడక్కుండా ఇస్తున్నారు. ఇవి మంచం ఎక్కినవాడిని ఆదుకునే పథకాలు. నెలనెలా మీ నాన్న మింగే షుగరు, బీపీ బిళ్లల ఖర్చు వాటిలో రాదు.

ఇక నీ పాలసీ. మీ నాన్న ఖర్చు రాద్దాం. మందులు నెలకు 1,800 అనుకో, ఏడాదికి 21,600. డాక్టరు ఫీజు నాలుగుసార్లకి 2,000. రక్తపరీక్షలు 6,000. మొత్తం 29,600. పాలసీలో ఫీజుకి, పరీక్షలకి, మందులకి వేర్వేరుగా 5,000 చొప్పున గరిష్ఠ పరిమితి, ప్రతి బిల్లులో 20 శాతం మనదే అనుకుందాం. ఇలాంటి షరతులు మామూలే. అప్పుడు ఫీజు కింద 1,600, పరీక్షల కింద 4,800, మందుల కింద 5,000 వస్తాయి. వెరసి 11,400. కట్టింది 8,000. అంటే ఒక్క బిల్లూ తిప్పికొట్టకపోతే మిగిలేది 3,400. అవనిగడ్డ డాక్టరూ అక్కడి ల్యాబూ కంపెనీ నెట్‌వర్కులో లేకపోతే మందుల 5,000 మాత్రమే చేతికొస్తుంది, ఎదురు 3,000 మనకే నష్టం. కరకట్ట మీద బస్సెక్కి విజయవాడ వెళ్లి నెట్‌వర్కు డాక్టరుకి చూపిస్తే ఆ చార్జీలెవరిస్తారు?

పైగా మన ఊళ్లలో జ్వరమొస్తే మొదట వచ్చేది ఆర్‌ఎంపీ, అంటే డిగ్రీ లేని ఊరి వైద్యుడు. పెట్టె పట్టుకుని ఇంటికే వచ్చి సూది వేసి వెళతాడు. ఆయన్ని తక్కువ చేసి మాట్లాడను, అర్ధరాత్రి పిలిస్తే పలికేది ఆయనే. కానీ బీమా కంపెనీకి రిజిస్ట్రేషన్ నంబరున్న డాక్టరు చీటీ కావాలి, పేరూ తేదీ ఉన్న అసలు బిల్లు కావాలి. మీ నాన్న షాపువాడు తెల్లకాగితం మీద అంకెలు గీసిస్తే జేబులో పెట్టుకుని వస్తాడు. ఆ కాగితానికి ఏ కంపెనీ డబ్బులివ్వదు. పళ్లు, కళ్లజోళ్లు సరేసరి, చాలా పాలసీల్లో ఉండవు.

అసలు బీమా దేనికో కూడా చూడు. మన బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు డాక్టరు. 1923లో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. ఆయన కాలం నుంచి ఈ వ్యాపారం సూత్రం మారలేదు: ఎవరికి ఎప్పుడొస్తుందో తెలియని కష్టానికి అందరూ తలా కొంచెం వేసుకోవడం. మీ నాన్న షుగరు బిళ్ల ఎప్పుడు అయిపోతుందో మీ అమ్మకి తేదీతో సహా తెలుసు. తెలిసిన ఖర్చుకి బీమా కొంటే మన డబ్బే కంపెనీ చేతుల్లోంచి తిరిగొస్తుంది, దారిలో వాళ్ల ఆఫీసు ఖర్చులు, కమిషన్లు మినహాయించుకుని.

ఓపీకి బీమా వద్దన్న మాటకి ఒక మినహాయింపుంది. అందుకే ఇంత రాశాను.

మీ తమ్ముడు చిన్నోడు బందరు రోల్డ్ గోల్డ్ యూనిట్లో చేస్తున్నాడు కదా, జీతం 17,000 అన్నాడు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట జీతం 21,000 లోపుంటే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉండాలి. వాడి వాటా 0.75 శాతం, నెలకు 128 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం. దీంట్లో డాక్టరు, మందులు, పరీక్షలు, అడ్మిషన్ అన్నీ ఉన్నాయి, ఏడాదికింతే అన్న లెక్క లేదు. 1948 చట్టం నాటి సరుకు, ప్రకటనలుండవు, ఏజెంటుకి కమిషన్ ఉండదు, అందుకే ఎవరూ చెప్పరు. తల్లిదండ్రుల ఆదాయం అన్ని రకాలా కలిపి నెలకు 9,000 లోపుంటే వాళ్ల పేర్లు కూడా చేర్చొచ్చు. మీ నాన్న కౌలు డబ్బు ఎంతో నాకు తెలియదు, దాచకుండా చెప్పమను. డిస్పెన్సరీ వాళ్ల ఊరికి ఎంత దూరమో కూడా చూసుకోవాలి, వరుసలో నిలబడే ఓపిక కూడా కావాలి. చిన్నోడి పేస్లిప్పులో కోత ఉందో లేదో ఇవాళే అడుగు. రేపు వాడి జీతం 21,000 దాటితే, అప్పుడు నడుస్తున్న ఆరు నెలల గడువు దాకా కోత ఉంటుంది, దానికి సంబంధించిన వైద్యం గడువు కూడా ముగిశాక ఆగిపోతుంది, అదీ గుర్తుపెట్టుకో.

ఈఎస్‌ఐ కుదరకపోతే? బీపీ, షుగరు బిళ్లలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. లేదంటే జన ఔషధి షాపు, అదే మందు సగం ధరకో అంతకంటే తక్కువకో వస్తుంది. డాక్టరుని అడిగి మార్చుకుంటే మందుల మీదే 10,800 మిగులుతుంది, నీ పాలసీ ఇచ్చే 3,400కి మూడింతలు.

మిగిలిన డబ్బుతో అమ్మానాన్నలకి గట్టి అడ్మిషన్ పాలసీ తీసుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్‌టీ ఎత్తేశారు. షుగరు ఉందని ఫారంలో రాయి. పాత జబ్బులకి గరిష్ఠంగా మూడేళ్లు ఆగమంటారు, ఆగుదాం. దాచిపెట్టి తీసుకుంటే అసలు అవసరమొచ్చినప్పుడు ఎగ్గొడతారు. కాగితాలు చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కివ్వొచ్చు. క్లెయిము అన్యాయంగా కొట్టేస్తే, ముందు కంపెనీకి రాసి, తర్వాత హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు, లాయరు అక్కర్లేదు. పన్ను మినహాయింపంటావా, అది పాత పద్ధతిలో కట్టేవాళ్లకే. నువ్వు కొత్తదాంట్లో ఉన్నావని విన్నాను.

మీ ఆఫీసువాళ్లు నీకిచ్చే గ్రూపు పాలసీలో ఓపీ ఉచితంగా కలిపితే మాత్రం వదలకు, ప్రతి బిల్లూ పెట్టు. ఉద్యోగం మానితే అదీ పోతుంది.

ఆదివారం ఫోన్ చెయ్యి. చిన్నోడి పేస్లిప్పు, మీ నాన్న మూడు నెలల మందుల చీటీలు ముందు పెట్టుకుని కూర్చో. ఏజెంటుకి నెలాఖరు అయితే మనకేం?

ఇట్లు,
మీ పెదనాన్న