పాలతో పోయేదెంత? కొట్టంలో మిగిలేదెంత?



రోజూ రెండు పూటలా మనం కేంద్రానికి పాలు పోస్తాం. వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. చూసుకుంటాం, చీటీ తీసుకుని ఇంటికి వస్తాం. కాని ఆ క్యానుల్లో పాలతోబాటు ఊరు దాటిపోయేవి మరి రెండున్నాయి. ఒకటి సూర్యుడిచ్చిన శక్తి. రెండవది మన పొలాల సారం. మొదటిది ఎంత పోయినా మరునాడు పొద్దు పొడిచేసరికి మళ్లీ వస్తుంది. రెండవది అలా దానంతట అది రాదు.

ముందు శక్తి సంగతి చూద్దాం. పచ్చని ఆకు ఎండను పట్టి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, నీటిని కలిపి ఆహారం తయారు చేస్తుంది. ఏడాది మొత్తం మీద పొలంపై పడిన ఎండలో పైరు పట్టుకోగలిగేది నూటికి ఒక వంతు. తరచు అంతకంటె తక్కువే. ఆ మేత గేదె కడుపులోకి పోతుంది. గడ్డిలోని పీచును అరిగించే శక్తి నిజానికి గేదెకు లేదు. దాని పెద్దపొట్టలో ఉన్న కోట్లాది సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. అప్పటికీ వరిగడ్డి మీదే బతికే గేదె తిన్న దానిలో సుమారు సగం అరగక పేడలో పోతుంది. నూటికి ఆరేడు వంతులు తేన్పులతో మీథేను వాయువుగా పోతాయి. నడవడానికి, నెమరు వేయడానికి, ఊపిరి తీయడానికి ఖర్చయినది వేడిగా పోతుంది. బాగా మేపిన పాడి గేదెలో కూడ తిన్న శక్తిలో నాలుగో వంతు పాలలోకి వస్తే గొప్పే. వేడిగా పోయిన శక్తిని ఏ ఆకూ, ఏ జంతువూ తిరిగి ఆహారంగా మార్చలేవు. చూలు కట్టని గేదెను ఏళ్ల తరబడి కట్టేసి మేపితే ఆ మేతంతా వేడిగా, పేడగా పోవడమే.

1942లో అమెరికా శాస్త్రజ్ఞుడు రేమండ్ లిండెమన్ మిన్నెసోటాలోని ఒక చిన్న సరస్సును తీసుకుని, శక్తి మెట్టు మెట్టుకూ ఎలా తరిగిపోతుందో లెక్క కట్టి చూపాడు. మన కొట్టంలో జరిగేదీ అదే.

ఇక సారం. నత్రజని, భాస్వరం, పొటాష్, సున్నం: ఇవి వేడిలాగా మాయం కావు. నేల నుంచి మేతలోకి, మేత నుంచి పశువులోకి, పశువు నుంచి మళ్లీ నేలలోకి తిరుగుతూ ఉంటాయి. ఫ్రాన్సులో బూసింగో అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పాడి ఆవుకు పెట్టిన మేతను, అది ఇచ్చిన పాలను, పేడను, మూత్రాన్ని తూచి, పరీక్షించి ఆ లెక్కను 1839లో ప్రచురించాడు. ఆవు తిన్న నత్రజనిలో పాలలోకి చేరింది నాలుగో వంతు కంటె తక్కువ. నేటికీ ఆ లెక్క పెద్దగా మారలేదు.

దీన్ని మన సంఘానికి వర్తింపజేసి చూద్దాం. లీటరు గేదె పాలలో సుమారు 6 గ్రాముల నత్రజని ఉంటుంది. రోజుకు 500 లీటర్లు పోసే సంఘం నుంచి రోజుకు 3 కిలోలు, ఏడాదికి దాదాపు 1,100 కిలోల నత్రజని పట్నానికి పోతుంది. యూరియా రూపంలో చెప్పాలంటే 45 కిలోల బస్తాలు 50కి పైనే. ఇది మనం అమ్ముకున్న సరుకు, దానికి డబ్బు వచ్చింది, విచారం లేదు. అయితే పాలలోకి పోయింది నాలుగో వంతే అయితే, దానికి మూడు రెట్లు కొట్టంలోనే మిగిలింది. అంటే 150 బస్తాలకు పైగా. అది ఎక్కడికి పోతున్నది?

అందులో ఇంచుమించు సగం మూత్రంలో ఉంటుంది. మనం పేడను ఎత్తుతాం, మూత్రాన్ని వదిలేస్తాం. మూత్రంలో ఉన్నది యూరియాయే. కొట్టంలో ముక్కు మండించే ఘాటు వాసన వస్తున్నదంటే నత్రజని అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తున్నదన్న మాట. నేలను కాస్త వాలుగా చేసి మూత్రం కాలవ ద్వారా పెంటగుంటలోకి పోయేటట్లు చేయవచ్చు. అది కుదరకపోతే పశువుల కింద చెత్తగడ్డి గాని, పొడి మట్టి గాని పరిచి, తడిసినదాన్ని రోజూ గుంటలో వేసి మట్టి కప్పాలి. చెరువు పూడిక మట్టి దొరికితే మరీ మంచిది.

పిడకల మాట కూడ చెప్పాలి. పాలు ఎర్రగా కాగి మందంగా మీగడ కట్టాలంటే దాలిలో పిడకల సెగే కావాలని ఇళ్లలో ఆడవారు అంటారు. మేము కాదనం. కాని పిడక కాలితే నత్రజని పొగలో పోతుంది. బూడిదలో భాస్వరం, పొటాష్ మాత్రం మిగులుతాయి. ఆ బూడిదను వీధిలో పోయక పెంటగుంటలో కాక విడిగా దాచి, నేరుగా పొలంలో చల్లండి. తడి పెంటతో కలిస్తే బూడిద అమ్మోనియాను తరిమేస్తుంది. గోబర్ గ్యాసు పద్ధతి దీనికంటె మేలు. పేడలోని శక్తి వాయువుగా పొయ్యిలో మండుతుంది, నత్రజని మాత్రం బయటికి వచ్చే మడ్డిలోనే ఉంటుంది. శక్తిని, సారాన్ని విడదీసి రెండింటినీ మనకే ఇచ్చే ఏర్పాటు అది. మడ్డిని ఎండలో ఆరబెట్టి పాడు చేసుకోవద్దు.

నత్రజని పోయినా తెచ్చుకోవడానికి గాలి ఉంది. వరి కోసిన చేలో పిల్లిపెసర గాని, జనుము గాని వేస్తే వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. పశువుకు మేతా దొరుకుతుంది. భాస్వరానికి అలాంటి దారి లేదు. నేలలో ఉన్నదీ, మనం వేసినదీ మాత్రమే. అదే సంఘం పాలతో ఏటా 200 కిలోల దాకా భాస్వరం బయటికి పోతుంది. నేలలో అది తగ్గితే మేతలో తగ్గుతుంది, మేతలో తగ్గితే పశువులో తగ్గుతుంది. గేదె ఎముకలు, గుడ్డపేలికలు నమలడం, మట్టి నాకడం చూసి చెడ్డ అలవాటని కొట్టేవారున్నారు. తరచు అది భాస్వరపు కొరతకు గుర్తు. వెంటనే పశువైద్యుని సలహాతో లవణ మిశ్రమం పెట్టాలి.

లవణ మిశ్రమం, తవుడు, చెక్క కొని పెట్టినప్పుడు వేరే చోటి సారం మన ఊరికి వస్తుంది. గేదె తనకు కావలసింది ఉంచుకుని, పాలలో కొంత ఇచ్చి, మిగిలిన భాస్వరాన్ని దాదాపు అంతా పేడలోనే వదిలేస్తుంది.