బొడ్డు ఊడేదాకా

జంగ్లీఘాట్, పోర్ట్‌బ్లెయిర్

చిట్టితల్లీ,

పాపాయికి బొడ్డింకా ఊడలేదనీ, మీ అత్తగారు పిడక బూడిదలో పసుపు కలిపి అద్దుదామంటున్నారనీ రాశావు. ఆ ముక్క చదివాక నాకు అన్నం సయించలేదు. అద్దనివ్వకమ్మా. బూడిద వద్దు, పసుపు వద్దు, ఆముదం, కొబ్బరినూనె ఏదీ వద్దు. ఆరనిస్తే చాలు.

ఆవిడ ప్రేమతోనే అంటోంది. మా అమ్మా అలాగే చేసింది. విశాఖ నుంచి ఓడెక్కి వచ్చిన కొత్తల్లో, వాన హోరులో తమ్ముడు పుట్టాడు. నాన్న వేటకెళ్లాడు. ఆ ఏడు సొర చేప తెగ పడింది, పాలు పడతాయని వండి పెట్టమంటూ అమ్మలక్కలంతా వచ్చి చెప్పేవాళ్లు. మంత్రసాని బొడ్డు కోసి బూడిద అద్దింది. వారం తిరక్కుండా పిల్లాడి దవడలు బిగుసుకున్నాయి, రొమ్ము పట్టలేకపోయాడు. ధనుర్వాతం. ఇంకా పేరైనా పెట్టలేదు వాడికి.

మట్టిలో, పేడలో ఉండే ఆ క్రిమికి పచ్చి బొడ్డే దారి. 2015లో మన దేశంలో పసికందుల ధనుర్వాతం నిర్మూలన అయిందన్నారు. అంటే ప్రతి జిల్లాలోనూ వెయ్యి మంది పుడితే ఒక్క కేసుకన్నా తక్కువని. అది కడుపుతో ఉన్నవాళ్లకు వేసే సూదుల వల్ల, శుభ్రమైన కాన్పుల వల్ల వచ్చింది. క్రిమి మాత్రం మట్టిలో అలాగే ఉంది తల్లీ.

మే నుంచి డిసెంబరు దాకా నానే దీవులు మనవి, గుడ్డలు ఓ పట్టాన ఆరవు. ఇస్త్రీ చేసి వాడు. లంగోటీ బొడ్డు కిందికి మడిచి కట్టు. ఊడేదాకా నీళ్లు పొయ్యకు, తడిగుడ్డతో ఒళ్లు తుడువు. ఉచ్చ తగిలితే కాచి చల్లార్చిన నీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో అద్దు. ముట్టుకునే ప్రతివాళ్లూ సబ్బుతో చేతులు కడగాలి. మామూలుగా 5 నుంచి 15 రోజుల్లో ఊడుతుంది, ఎవరూ లాగకూడదు. చుక్క రక్తం కనబడితే బెంగపడకు. నువ్వు వేళకు తింటున్నావా? నిద్ర పడుతోందా?

బొడ్డు చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, చెడు వాసనొచ్చినా, ఒళ్లు కాలినా చల్లబడినా, పాలు మానేసినా ఆ పూటే మీ హట్‌బే ఆసుపత్రికి తీసుకెళ్లు. సముద్రం బాగోకపోతే ఇటు ఓడ కదలదు, అది మరవకు.

ఊడిన బొడ్డును తాయెత్తులో పెట్టి మొలకు కడతామంటే, పుండు మానాక కట్టనివ్వు. మెడలో మాత్రం వద్దు.

ఈ ఉత్తరం మీ అత్తగారికి చదివి వినిపించు. కోపమొస్తే పెద్దమ్మనే తిట్టమను.

మీ పెద్దమ్మ