స్టీరింగ్ బాగుచేయించే ముందు ఒక కాగితం రాయించండి

పాత కారు స్టీరింగ్ ఆడుతోందని షెడ్డులో ఇస్తే తిరిగొచ్చే బిల్లు మీద తరచుగా ఉండేది ‘స్టీరింగ్ పని’ అన్న రెండు మాటలే. ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. చక్రాల దగ్గర రాడ్ ఎండ్ అరిగినా, కాలమ్ అడుగున క్రాస్ జాయింటు వదులైనా, ర్యాక్ లోపలి పళ్లు అరిగినా నడిపేవాడి చేతికి తెలిసేది ఆ ఊగిసలాటే. ఖర్చు మాత్రం దేనికది వేరు. ర్యాక్ మార్చిన వారానికి స్టీరింగ్ మళ్లీ ఆడితే, అసలు లోపం క్రాస్‌లో ఉండిందని ఎలా రుజువు చేస్తారు? అందుకే నేననేది: పని మొదలుకాకముందే ఏ భాగం పోయిందో, ఏది మార్చబోతున్నారో, ఎంతవుతుందో రాయించుకోండి. విప్పిన పాత సామాను అడిగి తీసుకోండి. రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ మాటకు బలం ఆ రెండే.

2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు తీసుకుని చేసే మరమ్మతు సేవే, అందులో నిర్లక్ష్యం సేవాలోపమే. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. ‘పదిహేనేళ్ల బండికి గ్యారంటీ ఏమిటి?’ అంటారు మెకానిక్‌లు. బండి మొత్తానికి పూచీ ఎవరూ అడగడం లేదు, చేసిన పనికే అడుగుతున్నాం. ‘తక్కువలో కానిమ్మని ఆయనే అన్నాడు’ అనే వాదనలో మాత్రం నిజం ఉండొచ్చు. అయితే ఆ సంగతీ కాగితం మీద పెట్టాలి. హైదరాబాద్ ఫలక్‌నుమాలోనో బహదూర్‌పురాలోనో ఒక్కడే షెడ్డు నడుపుకునే మేస్త్రీని తప్పుడు ఫిర్యాదు నుంచి కాపాడేదీ ఆ కాగితమే. సొంతంగా ఆటో నడిపి బతికేవాళ్లను వ్యాపారులంటూ తోసిపుచ్చడం కుదరదు. స్వయం ఉపాధితో జీవనం గడుపుకునేవారిని చట్టం వినియోగదారులుగానే చూస్తుంది.

ఆ కాగితం బండి యజమానికీ బాధ్యత పెడుతుంది. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 98వ నియమం ప్రకారం స్టీరింగ్ చక్రం మీద ఖాళీ ఆట 30 డిగ్రీలు మించకూడదు. లోపం ఉందని ఆ కాగితం ద్వారా తెలిసీ బండిని రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద శిక్ష ఉంటుంది. అలాగే, కాగితం మీద మీరు ఒప్పుకున్న పనికి కూలి చెల్లించేదాకా బండిని ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ మెకానిక్‌కు ఇచ్చింది. పాత బాకీల కోసం ఆపుకునే హక్కు మాత్రం ఇవ్వలేదు.

తగవు ముదిరితే ముందు పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకుండానే రాజీకి అక్కడ వీలుంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి అడగవచ్చు.