విటమిన్ డి లోపం, వినికిడి లోపం: దాతలు తెలుసుకోవలసిన విషయాలు

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నేడు అక్కడి నుంచి కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ వరకు అద్దాల భవనాలు వరుసగా కనిపిస్తాయి. వాటిలో పనిచేసే యువతీయువకుల్లో మన పిల్లలూ ఉన్నారు. పొద్దున ఏసీ క్యాబ్ ఎక్కి, సాయంత్రం దాకా ఏసీ గదిలో కూర్చొని, చీకటి పడ్డాక ఇల్లు చేరతారు. అమెరికా వేళల ప్రకారం రాత్రి డ్యూటీ చేసేవారైతే పగలంతా నిద్రపోతారు. ఒంటినొప్పులు, నీరసం అని డాక్టరు దగ్గరకు వెళ్తే రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువని తేలుతుంది.

ఈ లోపం వల్ల చెవుడు కూడా వస్తుందన్న మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. మన దాతలు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. ఈ మాటలో నిజమెంత? వినికిడి లోపం ఉన్న పేదల కోసం ఇచ్చే విరాళాన్ని విటమిన్ డి పరీక్షలకు, మాత్రలకు ఖర్చు చేయవచ్చా? ఈ వ్యాసం ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పే ప్రయత్నం.

ఎండ ఉన్న ఊళ్లో ఎండ కరువు

సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాలు చర్మం మీద పడినప్పుడు విటమిన్ డి తయారవుతుంది. ఈ కిరణాలు కిటికీ అద్దాన్ని దాటి రావు. అందువల్ల అద్దం వెనుక ఎంత వెలుగు ఉన్నా, ఎంత వేడి తగిలినా విటమిన్ డి మాత్రం తయారు కాదు.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన డాక్టర్ సి. వి. హరినారాయణ్ బృందం మన ప్రాంతం ప్రజల మీద చేసిన అధ్యయనం 2007లో ప్రచురితమైంది. రక్తంలో మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంటే లోపంగా లెక్కించారు. ఆ లెక్కన పట్టణ పురుషుల్లో 62 శాతం, పల్లె పురుషుల్లో 44 శాతం మందికి లోపం కనిపించింది. స్త్రీలలో పట్టణంలో 75 శాతం, పల్లెలో 70 శాతం. పల్లె స్త్రీలలో కూడా ఇంత లోపం ఉందంటే, ఇది కేవలం బురఖా వల్ల వచ్చే సమస్య అని తేల్చేయడం సరికాదని అర్థమవుతుంది. తిండిలో కాల్షియం తక్కువగా ఉండటం, ధాన్యాలలోని ఫైటేట్లు ఎక్కువగా ఉండటం కూడా ఆ అధ్యయనంలో బయటపడ్డాయి.

లేత ఎండ మంచిదని మనం పొద్దున్నే ఎండలో నిలబడతాం. కానీ తిరుపతిలోనే జరిగిన మరో పరిశీలనలో విటమిన్ డి తయారీకి పగలు 11 నుంచి 2 గంటల మధ్య ఎండ ఎక్కువగా ఉపయోగపడుతుందని తేలింది. మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు చేతులకు, ముఖానికి కొద్దిసేపు ఎండ తగలనివ్వడం ఆఫీసు ఉద్యోగికి కష్టమేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ తగలకుండా ఆ సమయాన్ని బాగా తగ్గించుకోవాలి.

చెవికీ విటమిన్ డికీ సంబంధం ఏమిటి?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా అనే భాగం ఉంటుంది. దాని చుట్టూ ఉన్నది గట్టి ఎముక. లోపల సుమారు 15,000 కేశకణాలు శబ్దాన్ని నాడీ సంకేతాలుగా మారుస్తాయి. మనుషుల్లో ఈ కణాలు ఒకసారి చనిపోతే తిరిగి పుట్టవు. ఆ ఎముక గట్టిదనానికీ, ఆ కణాల పనికీ కాల్షియం కావాలి. తిన్న ఆహారంలోని కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి అవసరం. కాబట్టి రెండింటికీ సంబంధం ఉండవచ్చన్న ఆలోచన అర్థం లేనిదేమీ కాదు.

1983లో బ్రిటన్ వైద్యుడు జి. బి. బ్రూక్స్ రెండు చెవుల్లో వినికిడి తగ్గి, విటమిన్ డి లోపం కూడా ఉన్న పదిమంది రోగుల వివరాలు ప్రచురించారు. 2008లో ఫిన్లాండ్ పరిశోధకులు, విటమిన్ డిని గ్రహించే జన్యువు దెబ్బతిన్న ఎలుకల్లో వినికిడి క్రమంగా తగ్గడం గమనించారు.

అయితే పదిమంది రోగులను చూసి లోకమంతటికీ వర్తించే సూత్రం చెప్పలేం. ఎలుకల్లో కనిపించిందంతా మనుషుల్లో జరగాలనీ లేదు. రెండు లోపాలూ ఒకే మనిషిలో ఉన్నంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. వయసు పైబడ్డవారు బయట తిరగడం తగ్గుతుంది, వారి వినికిడీ తగ్గుతుంది. చెవులు సరిగా వినపడని మనిషి నలుగురిలోకి రావడం మానేసి ఇంట్లోనే ఉండిపోతాడు, అప్పుడు ఎండ తగలదు. అంటే చెవుడే విటమిన్ డి లోపానికి దారితీసి ఉండవచ్చు. పోయిన వినికిడిని విటమిన్ డి మాత్రలు తిరిగి తెస్తాయని ఇంతవరకు రుజువు కాలేదు.

లోపలి చెవికి సంబంధించి కొంత గట్టి ఆధారం ఉన్నది ఒక రకం తలతిరుగుడు విషయంలో. పక్క మీద అటూ ఇటూ ఒత్తిగిలినప్పుడు గది అంతా గిర్రున తిరిగినట్టు అనిపించే జబ్బు అది. లోపలి చెవిలోని కాల్షియం కార్బొనేట్ రేణువులు స్థానం తప్పడం వల్ల వస్తుంది. కొరియాలోని 8 ఆసుపత్రుల్లో జరిగి 2020లో ప్రచురితమైన పరీక్షలో, విటమిన్ డి తక్కువగా ఉన్న రోగులకు విటమిన్ డి, కాల్షియం ఇస్తే ఆ జబ్బు మళ్లీ మళ్లీ రావడం సుమారు 24 శాతం తగ్గింది. అది తలతిరుగుడు సంగతి. చెవుడికి దీన్ని వర్తింపజేయకూడదు.

ఎండలో ఉన్నా చెవులు పోయేవారు

హైటెక్ సిటీ అద్దాల మేడలు కట్టిన కూలీలను చూడండి. బండలు పగలగొట్టే డ్రిల్లింగ్ మిషను దగ్గర, గ్రానైటు కోసే చోట, జనరేటర్ పక్కన రోజంతా ఎండలోనే ఉంటారు. వారికి ఎండకు కొదవ లేదు. అయినా ఆ మోతకు వారి చెవులు దెబ్బతింటాయి. వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ శబ్దం వరకే భద్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. లోపల కాల్ సెంటర్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకునే ఉద్యోగికీ ఇదే ప్రమాదం. వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకూడదు.

పిల్లల్లో వినికిడి లోపానికి కారణాలు వేరు. చెవిలో చీము, గర్భిణికి రుబెల్లా సోకడం, పుట్టగానే తీవ్రమైన కామెర్లు, దగ్గరి రక్తసంబంధీకుల మధ్య పెళ్లిళ్ల వల్ల సంక్రమించే జన్యులోపాలు. మేనరికాలు మన కుటుంబాల్లోనే కాక ఇతర తెలుగు కుటుంబాల్లోనూ ఉన్నవే. బాల్యంలో వచ్చే వినికిడి లోపంలో సుమారు 60 శాతం నివారించదగినదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మాత్రల విషయంలో జాగ్రత్త

పెద్దవారికి రోజుకు కావలసిన విటమిన్ డి సుమారు 600 యూనిట్లు. లోపం ఉన్నవారికి డాక్టర్లు తరచుగా రాసేది 60,000 యూనిట్ల మాత్ర లేదా పొడి. దాన్ని సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు మాత్రమే వాడాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, మతిమరుపు, మూత్రపిండాల దెబ్బ దాకా పోవచ్చు. కాబట్టి శిబిరాల్లో అందరికీ ఈ మాత్రలు పంచడం మంచిది కాదు.

మరో ప్రమాదం ఆలస్యం. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే అది అత్యవసర పరిస్థితి. స్టెరాయిడ్ చికిత్స మొదటి రెండు వారాల్లో, ఎంత త్వరగా అయితే అంత మంచిది. విటమిన్ డి మాత్రలు వేసుకుంటూ నెల రోజులు చూద్దాం అనుకుంటే ఆ అవకాశం చేజారిపోతుంది. పసిబిడ్డల విషయంలోనూ అంతే. నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలి. మాటలు నేర్చే వయసు దాటిపోతే తరువాత ఎంత ఖర్చుపెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు.

దాతలు చేయదగినవి

మన నగరంలో ఇందుకు దారులు ఉన్నాయి. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి, వాక్కు లోపాలు ఉన్నవారి కోసం 1983లో ముంబయిలో ఏర్పడిన ఈ జాతీయ సంస్థకు, ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాల ఉపకులపతిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన మన హైదరాబాదీ నవాబ్ అలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. వినికిడి యంత్రాలకు, చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్లకు ప్రభుత్వ పథకాలూ ఉన్నాయి. మన సాయం అవి చేరుకోని చోటికి చేరాలి.

1. బస్తీలలో పుట్టిన ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష జరిగేలా చూడటం. నొప్పి లేని ఈ పరీక్షకు కొద్ది నిమిషాలు చాలు.

2. ఆపరేషన్ అయిన పిల్లలకు స్పీచ్ థెరపీకి వెళ్లే దారిఖర్చులు, పరికరం బ్యాటరీలు, కేబుళ్లు, మరమ్మతులు భరించడం. తండ్రి రోజుకూలీ అయితే ఒక కేబుల్ పాడైనా పిల్లవాడి చదువు ఆగిపోతుంది.

3. నిర్మాణ కూలీలకు చెవి రక్షణ సాధనాలు ఇవ్వడం, ఏటా ఒకసారి వినికిడి పరీక్ష చేయించడం.

4. అజాన్ వినపడటం లేదనే పెద్దవారికి, టీవీ శబ్దం బాగా పెంచేవారికి పరీక్ష చేయించి వినికిడి యంత్రం ఇప్పించడం. దాన్ని వాడటం నేర్పించడం కూడా అందులో భాగమే.

5. విటమిన్ డి కోసం రక్తపరీక్షల శిబిరాల బదులు ఎండ, తిండి గురించి చెప్పడం. గుడ్డు పచ్చసొన, చేపలు, విటమిన్లు కలిపిన పాలు మంచివి. పాల ప్యాకెట్టు మీద ప్లస్ ఎఫ్ గుర్తు చూసి కొనాలి. పర్దా పాటించే మహిళల కోసం అపార్టుమెంటు మేడను పగలు ఒక గంట కేటాయిస్తే పైసా ఖర్చు లేని సేవ అవుతుంది. మదర్సా పిల్లలకు మధ్యాహ్నం ఆటల వేళ ఉండేలా చూడటం కూడా అలాంటిదే.

వీటిలో ఏ ఖర్చుకు జకాత్ వర్తిస్తుందో, దేనికి సదఖా వాడాలో ఉలమాను అడిగి నిర్ణయించుకోవచ్చు. విటమిన్ డి లోపాన్ని ఎముకల కోసం, కండరాల కోసం తప్పక సరిచేసుకోవాలి. చెవుల కోసం మాత్రం చెవుల పరీక్షే చేయించాలి. ఈ తేడా గుర్తుంచుకొని ఇచ్చిన రూపాయి, ఒక పసిబిడ్డ తన తల్లి పిలుపు సకాలంలో వినేలా చేయగలదు.