దీపము వెల, నూనె వెల

పాఠ్యభాగములు: లూకా 14:28–30, మత్తయి 25:1–13



గోపురము కట్టదలచిన మనుష్యుని ఉపమానము చెప్పినప్పుడు మన ప్రభువు మనస్సులో నున్నది శిష్యత్వమే గాని మేస్త్రీ పని కాదు. అయినను ఆ మాట వినువారికి వెంటనే అర్థమైయుండును. పునాదులతో ఆగిపోయిన కట్టడము ఏ యూరనైనను కనబడునుగదా. ప్రభువు ఇంటి లెక్కను చిన్నచూపు చూడలేదు. దానిచేతనే పరలోక రాజ్యపు లెక్కను నేర్పెను. కనుక ఈ నెల మనము ఇంటిలో వెలుగు బల్బును తీసికొని, ముందుగా కూర్చుండి లెక్క చూచుట యెట్లో నేర్చుకొందము.

1. వెల వేరు, ఖర్చు వేరు

పదిమంది కన్యకలకును దివిటీలు ఉండెను. బుద్ధిలేనివారికి కొదువైనది దివిటీ కాదు, సిద్దెలలో నూనె. దివిటీ ఒక్కసారి కొందుము. నూనె ప్రతి రాత్రియు పోయవలెను. కిరసనాయిలు బుడ్డి వాడిన మన పెద్దలకు ఇది ఒకరు చెప్పనక్కరలేదు. సీసాలో నూనె తరుగుట వారి కంటికి కనబడుచుండెను. కరెంటు వచ్చిన తరువాత ఆ సీసా కనుమరుగైనది. మీటరు గోడమీద ఎక్కడనో యుండును, బిల్లు నెలకొకసారి వచ్చును. అందుచేత మనము బజారులో బల్బు వెల మాత్రమే అడిగి, అది త్రాగు నూనె సంగతి మరచిపోవుచున్నాము.

2. లెక్క చూతము

లోపల సన్నని తీగె కాలుచు వెలుగు పాత గాజు బల్బు 60 వాట్లది 15 రూపాయలనియు, దానికి తగ్గని వెలుతురిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 100 రూపాయలనియు అనుకొందము. దినమునకు 5 గంటలు వెలిగింతుము. యూనిట్ 5 రూపాయలని లెక్కకొరకు పెట్టుకొందము.

గాజు బల్బు నెలకు 9 యూనిట్లు, ఏడాదికి దాదాపు 110 యూనిట్లు కాల్చును. అనగా 550 రూపాయలు. అది సుమారు 1,000 గంటలే పనిచేయును గనుక ఏడాదికి రెండు బల్బులు, మరి 30 రూపాయలు. మొత్తము 580.

ఎల్.ఇ.డి. బల్బు ఏడాదికి 16 యూనిట్లకు కొంచెము పైగా కాల్చును; 82 రూపాయలు. దాని వెలతో కలిపి మొదటి ఏట 182. మరుసటి ఏట 82 మాత్రమే.

ఎక్కువగా పెట్టిన 85 రూపాయలు మూడవ నెల ముగియకముందే తిరిగి చేతికి వచ్చును. తక్కిన నెలలదంతయు మిగులే. అటువంటి బల్బులు మూడున్న ఇంటిలో మొదటి ఏడే దాదాపు 1,200 రూపాయలు మిగులును. అది పిల్లల పుస్తకములకగును. వాడకము పెరిగినకొలది పై శ్లాబులో యూనిట్ రేటు పెరుగును గనుక, ఎవరి బిల్లు చూచి వారు లెక్క వేసికొనవలెను.

3. మన జిల్లాలో జరిగిన సంగతి

ఈ లెక్కను ప్రభుత్వమును వేసినది. 2014వ సంవత్సరమున మన రాష్ట్రములోని నాలుగు జిల్లాలలో పాత బల్బులు తీసికొని, ఇంటికి రెండు ఎల్.ఇ.డి. బల్బులను ఒక్కొక్కటి 10 రూపాయలకే ఇచ్చిరి. ఆ నాలుగింటిలో పశ్చిమ గోదావరి ఒకటి. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడువరకు మన ఉంగుటూరు ఆ జిల్లాలోనిదే. తరువాత 2015 జనవరి 5న ఉజాలా పథకము దేశమంతటికి వచ్చినది. పెద్దమొత్తములో కొనుటచేత, 2014 ఆరంభమున 310 రూపాయలకు ప్రభుత్వ సంస్థ కొనిన బల్బు 2016లో 38 రూపాయలకు దిగినది. సాయంకాలము అన్ని ఇండ్లును ఒక్కసారే దీపములు వెలిగించు వేళకు సరిపడునట్లు క్రొత్త కరెంటు పుట్టించుటకంటె, బల్బు మార్చుటే చౌక.

4. మూడు జాగ్రత్తలు

మొదటిది, ఎక్కువసేపు వెలుగుచోటనే ముందుగా మార్చవలెను. దినమునకు పది నిమిషములు వెలుగు సామానుల గదిలో గాజు బల్బు ఏడాదికి కాల్చునది 20 రూపాయలైనను కాదు. అది పోవువరకు ఉండనిండు.

రెండవది, పేరు లేని చౌక ఎల్.ఇ.డి. కొనవద్దు. పెట్టెమీద బి.ఐ.ఎస్. గుర్తు, ల్యూమెన్ల సంఖ్య, గ్యారంటీ కాలము చూచి, రసీదు తీసికొని దాచుకొనుడి. వెలుతురును తెలుపునది ల్యూమెన్లే. వాట్లు ఖర్చును తెలుపును. వేడి దానికి శత్రువు. గాలి ఆడని మూత గల డోములో పెట్టిన బల్బు త్వరగా పోవును.

మూడవది, తుపాను రాత్రులకని సోలారు లాంతరు కొనువారు బ్యాటరీ లెక్కను మరువరాదు. ఎండకు వెల లేదు గాని, కొన్ని ఏండ్లకు బ్యాటరీ మార్చవలెను.

5. చేతిలో రొక్కము లేనివారు

ఇంతవరకు చెప్పినది విని, లెక్క మాకును తెలియును, ఆ సాయంకాలము చేతిలో నున్నది ఇరువది రూపాయలే అను సహోదరి మన సంఘములలో కలదు. ఆమె తెలివితక్కువది కాదు. కూలి డబ్బుతో బియ్యము కొని, మిగిలినదానితో బల్బు కొనును. ఆ విధముగా బీదవారే ఎక్కువ చెల్లించుచున్నారు. ఆమెకు బోధ మాత్రమే చేసి పంపివేసినయెడల మనము ఒకరి భారము ఒకరము మోసినవారము కాము (గలతీ 6:2).

మా సలహా యిది. స్త్రీల సమాజము నెలకు రెండు మూడు ఇండ్లకు బల్బు కొని ఇయ్యవచ్చును. తగ్గిన బిల్లులోనుండి మూడు నెలలలో వారు ఆ సొమ్ము తిరిగి చెల్లింతురు. అదే సొమ్ము మరియొక ఇంటికి పోవును. దీనికి వడ్డీ వద్దు, పేర్లు చదువుటయు వద్దు.

సంఘ పెద్దలకును ఒక మాట. క్రిస్మసుకు ఎవరైన 500 వాట్ల పెద్ద దీపమును కానుకగా ఇత్తురు. ఇచ్చువారు ఒక్కసారి ఇత్తురు; బిల్లు సంఘము కట్టవలెను. ఆరు గంటలకు అది 3 యూనిట్లు కాల్చును. 50 వాట్ల ఎల్.ఇ.డి. దీపమైతే పదియవ వంతు చాలును. కానుకను ప్రేమతో స్వీకరించుచు, ఎట్టిది కావలెనో ముందే చెప్పుట మర్యాదకు లోపము కాదు.

6. శిష్యుని లెక్క

బాప్తిస్మము పొందు దినమున పాటలు, క్రొత్త బట్టలు, విందు ఉండును. అది దివిటీ. తరువాత వచ్చు ప్రతి దినపు ప్రార్థన, క్షమాపణ, నమ్మకత్వము నూనె. మొదటి దినపు ఉత్సాహమునే చూచి బయలుదేరువాడు అర్ధరాత్రివేళ చీకటిలో నిలుచును. లెక్క చూచుకొనుమని ప్రభువు చెప్పినది మనలను వెనుకకు పంపుటకు కాదు, కడవరకు వెలుగునట్లు చేయుటకే.

బైబిలు తరగతిలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మీ యింటిలో ఎక్కువసేపు వెలుగు బల్బు ఏది? అది ఎన్ని వాట్లది?
2. వెల తక్కువ, ఖర్చు ఎక్కువ అయిన మరియే వస్తువులను మనము కొనుచున్నాము?
3. మీ వీధిలో ఈ నెల ఎవరి యింటికి మొదట సహాయము చేయవలెను?